సోమనాథపురం శిల్పాల చేతిలో ఉన్నది మొక్కజొన్న పొత్తేనా? మాయన్లకు అన్నీ నేర్పింది మన మయుడేనా?

ప్రశ్న క్లుప్తంగా ఇది. అడిగినాయన ఇంట్లో వాట్సాప్‌లో ఒక వీడియో తిరుగుతోంది. కర్ణాటకలోని సోమనాథపురం గుడిలో శిల్పాల చేతుల్లో మొక్కజొన్న పొత్తులున్నాయట. ఆ గుడి కొలంబస్ కంటే రెండు వందల ఏళ్ళకు పైగా పాతది కాబట్టి మనవాళ్ళు అప్పటికే అమెరికా వెళ్ళొచ్చారట. అక్కడ మెక్సికో, గ్వాటెమాలా వైపు ఉండే మాయన్లకు పిరమిడ్లు కట్టడం నేర్పింది మయుడేనట. "మా మామగారు పూర్తిగా నమ్మేశారు. ఇనుము, బండి చక్రం తెలియనివాళ్ళు అంతంత నగరాలు సొంతంగా ఎలా కడతారయ్యా అని అడుగుతుంటే నా దగ్గర జవాబు లేదు" అని రాశారు.

సూటిగా చెప్పేస్తాను. అది మొక్కజొన్న కాదు. మయుడికీ మాయన్లకూ ఏ సంబంధమూ లేదు. అమెరికాల్లోని ఆ నగరాలు, లెక్కలు, పంటలు అక్కడివాళ్ళే వేల ఏళ్ళ మీద సొంతంగా తయారుచేసుకున్నవి. దీనికి పెద్ద సాక్ష్యం గుళ్ళలో లేదు, ఆ పొత్తులోనే ఉంది. నేను చరిత్రకారుణ్ణి కాదు. 31 ఏళ్ళు మొక్కజొన్న వంగడాల మీద పనిచేసి రిటైరయ్యాను. కాబట్టి నా జవాబు పొలం గట్టు మీంచి చెప్పేదే.

ముందు పొత్తు సంగతి. ఈ వాదన వాట్సాప్‌లో పుట్టింది కాదు. 1989లో కార్ల్ జోహాన్సెన్, ఆన్ పార్కర్ అనే ఇద్దరు ఒక శాస్త్ర పత్రికలోనే రాశారు. దానికి 1993లో మన దేశపు మొక్కజొన్న శాస్త్రవేత్తలు పాయక్, సచన్ అదే పత్రికలో జవాబిచ్చారు: అవి మొక్కజొన్నలు కావు, ముత్యాలు కూర్చినట్టుండే 'ముక్తాఫలం' అనే ఊహాఫలం అని. వీడియోలు చేసేవాళ్ళు మొదటి వ్యాసం దగ్గరే ఆగిపోతారు.

ఆ గుడికి నేను రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి చూసినప్పుడు నాకూ ఒక్క క్షణం గుండె ఝల్లుమంది, అబద్ధం ఎందుకు. చూడటానికి పొత్తులాగే ఉంటుంది. అక్కడే ఓ గంట నిలబడ్డాక సంగతి వేరేగా కనిపించడం మొదలైంది. హొయసల శిల్పికి పూసలంటే పిచ్చి. కిరీటం మీద పూసలు, వడ్డాణం మీద పూసలు, కంఠహారం నిండా పూసలు. చేతిలోని పండు మీదా అవే పూసలు, అదే ఉలి పని. మన దేవతా విగ్రహాల చేతిలో మాదీఫలం పెట్టడం పాత సంప్రదాయమే. ఆ పండును ముత్యాలతో చెక్కడం ఆ శిల్పికి కొత్తేమీ కాదు.

సరే, బొమ్మను చూసి ఎవరి వాదన వాళ్ళు చేయొచ్చు. నాకు అసలైన కారణం వేరే ఉంది. మొక్కజొన్న ఆనవాలు మిగల్చకుండా బతకగలిగే పంట కాదు. దాని పుప్పొడి గడ్డిజాతి మొక్కలన్నిటిలోకీ పెద్ద రేణువుల్లో ఒకటి, చెరువు అడుగు బురదలో వేల ఏళ్ళు నిలుస్తుంది. దాని బెండు కాలితే బొగ్గై అలాగే ఉండిపోతుంది. రాయలసీమ, బళ్ళారి వైపు నవీన శిలాయుగపు ఊళ్ళ తవ్వకాల్లో దాదాపు 4 వేల ఏళ్ళ నాటి ఉలవలు, పెసలు, చివరికి అండుకొర్ర గింజలు కూడా దొరికాయి. ఆవగింజంత అండుకొర్ర దొరికిన చోట బొటనవేలంత బెండు దొరకకుండా పోతుందా? ఆ గుడి కట్టింది 1258లో. దేవుడి చేతిలో పెట్టేంత గొప్ప పంట అయితే ఆ చుట్టుపక్కల పొలాల్లో, పొయ్యిల్లో, చెత్తకుప్పల్లో అది ఉండి తీరాలి. లేదు. పేరు చూడండి, అదీ సొంతం కాదు. జొన్న మనకు ముందే ఉంది, కొత్తగా వచ్చినదానికి ఆ పేరే అరువిచ్చి మొక్కజొన్న అన్నాం. మిరప, వేరుశెనగ, జామ, బొప్పాయి లాగే ఇదీ కొలంబస్ తర్వాత ఐరోపా ఓడల్లో వచ్చిన సరుకే.

ఇక అక్కడివాళ్ళు ఏం చేశారో చెప్పాలి. నన్నడిగితే పిరమిడ్ కంటే పెద్ద పని ఇదే.

మొక్కజొన్నకు అడవిలో ఒక చుట్టం ఉంది, పేరు టియోసింటె. మన దగ్గర కొందరు రైతులు పశుగ్రాసంగా వేస్తారు. దూరం నుంచి చూస్తే చిన్న మొక్కజొన్న మొక్కలాగే ఉంటుంది, కాకపోతే పిలకలు ఎక్కువ. దగ్గరికెళ్ళి దాని కంకి చూస్తే నవ్వొస్తుంది. వేలి పొడవు కూడా ఉండదు. ఐదు నుంచి పన్నెండు గింజలు, అవీ రాయిలాంటి పెంకులో. పండగానే విడిపోయి నేల రాలిపోతాయి. బెండు అనేదే ఉండదు. మెక్సికోలో సిమ్మిట్ అనే అంతర్జాతీయ మొక్కజొన్న, గోధుమ పరిశోధన కేంద్రంలో శిక్షణకు వెళ్ళినప్పుడు అక్కడి పెద్దాయన ఒకరు నా చేతిలో గుప్పెడు టియోసింటె గింజలు పోసి "తిను" అన్నారు. కొరికాను. పన్ను పోయేది.

ఇదే మొక్కజొన్నకు తల్లి అని 1939లో జార్జ్ బీడిల్ అనే జన్యుశాస్త్రవేత్త అన్నప్పుడు చాలామంది నమ్మలేదు. అప్పటి పెద్ద నిపుణుడు పాల్ మాంగెల్స్‌డార్ఫ్ అయితే అసలు తల్లి వేరే ఉంది, అది అంతరించిపోయింది అని దశాబ్దాలు వాదించాడు. బీడిల్ 1958లో నోబెల్ తీసుకుని, పెద్ద పదవులు చేసి, రిటైరయ్యాక మళ్ళీ ఈ గొడవలోకే దిగాడు. టియోసింటెను మొక్కజొన్నతో సంకరం చేసి, రెండో తరంలో దాదాపు 50 వేల మొక్కలు పెంచి చూశాడు. సుమారు ఐదు వందలకు ఒకటి అచ్చం మొక్కజొన్నలా, అంతే సంఖ్యలో అచ్చం టియోసింటెలా వచ్చాయి. అంటే ముఖ్యమైన తేడా నాలుగైదు జన్యువులదే. తర్వాతివాళ్ళు ఆ జన్యువులను పేర్లతో సహా పట్టుకున్నారు. పెంకును ఊడగొట్టి గింజను బయటపెట్టింది ఒకటి, పిలకలు తగ్గించి ఒకే కాండంగా నిలబెట్టింది ఇంకొకటి.

ఆ ఎంపిక చేసిన చోటు కూడా తెలుసు: నైరుతి మెక్సికోలో బాల్సాస్ నది లోయ. కాలం, సుమారు 9 వేల ఏళ్ళ కిందట. ఆ లోయలోని ఒక రాతి ఆశ్రయంలో దొరికిన నూరుడు రాళ్ళ మీద 8,700 ఏళ్ళ నాటి మొక్కజొన్న పిండి రేణువులు దొరికాయి. వహాకా రాష్ట్రంలోని గిలా నకిట్స్ గుహలో 6 వేల ఏళ్ళు దాటిన కంకులు దొరికాయి. అవి ఇంకా వేలెడే ఉన్నాయి. అక్కణ్ణుంచి జానెడు కావడానికి మరికొన్ని వేల ఏళ్ళు పట్టింది. అంటే ప్రతి మెట్టూ మట్టిలో కనిపిస్తోంది. ఎవరో వచ్చి చేతిలో పెట్టి వెళ్ళినదైతే ఇలా మెట్లుండవు, ఒక్కసారిగా పెద్ద కంకే దొరకాలి.

మొక్కజొన్న తనంతట తాను బతకలేదని కూడా గుర్తుపెట్టుకోండి. పొరల్లో మూసిపెట్టిన కంకి అలాగే నేల మీద పడితే గింజలన్నీ ఒకేచోట మొలిచి, ఒకదాన్నొకటి తొక్కుకుని చచ్చిపోతాయి. మనిషి ఒలిచి నాటాల్సిందే. 9 వేల ఏళ్ళలో ఒక్క కారు తప్పకుండా ఎవరో ఒకరు నాటుతూ వచ్చారు కాబట్టే ఈరోజు మనకు పొత్తు ఉంది.

ఇందులో వంటింటి సాక్ష్యం ఇంకా బలమైనది. మెక్సికోలో మొక్కజొన్నను ఉత్త నీళ్ళలో ఉడికించరు. సున్నం కలిపిన నీళ్ళలో ఉడికించి, రాత్రంతా నానబెట్టి, పొట్టు కడిగేసి, అప్పుడు నూరుతారు. వాళ్ళ నూరుడు రాయి చూస్తే మన సన్నికల్లే గుర్తొస్తుంది, కాళ్ళున్న సన్నికల్లు. సున్నం రుచి కోసం అనుకుంటాం. కాదు. మొక్కజొన్నలోని నియాసిన్ అనే విటమిన్ బందీగా ఉంటుంది, మన ఒంటికి పట్టదు. సున్నం దాన్ని విడిపిస్తుంది. రసాయన శాస్త్రం పుట్టక ముందే ఆ ఆడవాళ్ళు దీన్ని కనిపెట్టారు. ఎన్ని తరాల పరిశీలన అయితే అంత దూరం వస్తుందో ఊహించుకోండి.

ఐరోపావాళ్ళు గింజ పట్టుకెళ్ళారు, వండే పద్ధతి వదిలేశారు. మొక్కజొన్నే ముఖ్య ఆహారమైన స్పెయిన్, ఇటలీ పల్లెల్లో నియాసిన్ లోపంతో పెల్లాగ్రా అనే జబ్బు వచ్చింది. ఒళ్ళు పొలుసులు లేవడం, విరేచనాలు, మతి చలించడం. 20వ శతాబ్దం మొదట్లో అమెరికా దక్షిణ రాష్ట్రాల పేదల్నీ చంపింది. మన తెలంగాణ జొన్న తినేవాళ్ళలోనూ పెల్లాగ్రా కనిపించేది. 1960ల్లో హైదరాబాద్‌లో గోపాలన్ బృందం దాని మీద పనిచేసి జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ అనే అమైనో ఆమ్లాన్ని కారణంగా చూపించింది. ఇక్కడ నేను వేసే ప్రశ్న ఒకటే. మనవాళ్ళు నిజంగా మాయన్లతో కలిసిమెలిసి తిరిగి మొక్కజొన్న తెచ్చుకుని ఉంటే, తాంబూలానికి రోజూ సున్నం వాడే మనం ఆ సున్నపు వంటను మాత్రం అక్కడే వదిలేసి వస్తామా?

మయుడు – మాయన్ల గొడవ. శబ్దం కలిసింది, అంతే. 'మాయా' అనేది యుకటాన్ ప్రాంతం పేరు నుంచి వచ్చిన మాట. అక్కడి చివరి పెద్ద రాజధానుల్లో ఒకటి మాయపాన్. పాత నగరాల్లో ఉన్నవాళ్ళు అందరూ తమను మాయన్లు అనుకున్నవాళ్ళు కాదు. ఒక్క రాజ్యమూ కాదు. టికాల్, కలక్ముల్, పలెంకే... ఒకదానితో ఒకటి కొట్టుకున్న డజన్ల రాజ్యాలు. కేవలం శబ్దం చూసి చుట్టరికం కలిపితే 'టమాటా'లో 'మాట' ఉందని అది తెలుగు మాట అనాలి. నిజానికది మెక్సికోలోని అజ్టెక్‌ల నహువాటల్ భాష మాట. సపోటా కూడా అంతే.

పైగా వాళ్ళు రాసి పెట్టుకున్నారండి. రాతి పలకల మీద తేదీలు, రాజుల పేర్లు, పట్టాభిషేకాలు, యుద్ధాలు. 1952లో యూరీ క్నోరోజోవ్ అనే సోవియట్ పండితుడు ఆ లిపిలో అక్షర ధ్వనులున్నాయని చూపించాక ఒక్కొక్కటే చదవడం మొదలైంది. పలెంకే రాజు పకాల్ 603లో పుట్టి 683లో పోయాడని అతని శాసనాలే చెబుతాయి. వాటిలో సముద్రం అవతలి గురువు ఎవరూ లేరు. ఉన్నది మొక్కజొన్న దేవుడు. వాళ్ళ సృష్టికథ ఒకదాంట్లో దేవతలు మొదట మట్టితో మనిషిని చేస్తే కరిగిపోతాడు, కర్రతో చేస్తే మనసుండదు, చివరికి మొక్కజొన్న పిండితో చేస్తే నిలబడతాడు. పుస్తకాలూ ఉండేవి. 1562లో డియేగో ద లాండా అనే ఫ్రాన్సిస్కన్ మతాధికారి మానీ అనే ఊళ్ళో వాటిని కుప్పపోసి తగలబెట్టించాడు. ఇప్పుడు నాలుగు మాత్రమే మిగిలాయి.

సున్నా గురించి కూడా అడుగుతారు, ముందే చెప్పేస్తాను. వాళ్ళకు 20 ఆధారంగా స్థానవిలువ ఉంది, సున్నాకు గవ్వలాంటి గుర్తు ఉంది. మనది 10 ఆధారం. మన సున్నా మనది, వాళ్ళ గవ్వ వాళ్ళది. ఇద్దరు వేర్వేరు చోట్ల ఒకే సంగతి కనిపెడితే ఒకరు దొంగ కానక్కర్లేదు.

మామగారి అసలు ప్రశ్న: చక్రం, ఇనుము లేకుండా ఎలా? చక్రం వాళ్ళకు తెలుసు. మెక్సికోలోని వెరాక్రూజ్ ప్రాంతంలో చక్రాలున్న మట్టి బొమ్మలు దొరికాయి, పిల్లల బండ్ల లాంటివి. తెలియక కాదు, లాగే జంతువు లేక. ఎద్దు లేదు. గుర్రం అక్కడ సుమారు 10 వేల ఏళ్ళ కిందటే అంతరించింది, మళ్ళీ స్పానిష్‌వాళ్ళతో వచ్చింది. లామా పాతిక ముప్పై కిలోలు మోస్తుంది కానీ బండి లాగదు. ఎద్దు లేని చోట బండి ఎవరికి కావాలి? ఇనుము లేదు, కానీ దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల్లో కంచు పోశారు, బంగారం, వెండి, రాగి కలిపి పని చేశారు.

మరి మోత? మన కాకతీయుల చెరువు కట్టలు ఎలా లేచాయో అలాగే అని చెప్పండి మామగారికి: తట్టలు, మనుషులు, ఓపిక. ఇప్పటి సెయింట్ లూయిస్ పక్కన కహోకియాలో సుమారు 30 మీటర్ల ఎత్తు మట్టి దిబ్బ ఉంది. క్రీ.శ. 1050 – 1200 మధ్య అది వేల మంది ఉన్న పట్నం. ఆ దిబ్బ బుట్టలతో మోసిన మట్టే. పెరూలో సూపే లోయలోని కరాల్ ఇంకా పాతది. క్రీ.పూ. 2600 నాటిది, అంటే ఈజిప్టు పెద్ద పిరమిడ్ల కాలపుది. అక్కడివాళ్ళు రెల్లుతో అల్లిన వల సంచుల్లో రాళ్ళు నింపి, సంచితో సహా గోడలోపల పేర్చారు. ఆ సంచులు ఇప్పటికీ ఉన్నాయి. ఆ ఊరి వాళ్ళకు కుండ చేయడం కూడా తెలియదు. పత్తి పండించి, వలలు అల్లి, సముద్రపు చిన్న చేపలు తిన్నారు. అడుగు వెడల్పుగా, పైన సన్నగా పేర్చితే రాళ్ళ గుట్ట నిలబడుతుందని తెలుసుకోవడానికి ఈజిప్టు నుంచి మేస్త్రీ రానక్కర్లేదు.

ఆండీస్ కొండల్ని ఏలిన ఇంకాలు స్పానిష్‌వాళ్ళు వచ్చేసరికి 30 వేల కిలోమీటర్ల దారులు వేశారు. లెక్కలన్నీ దారాలకు వేసిన ముడుల్లో, పదుల స్థానాలతో సహా. అజ్టెక్‌లు 1325లో సరస్సు మధ్య ద్వీపం మీద మొదలుపెట్టిన టెనోచ్‌టిట్లాన్‌లో 1519లో స్పానిష్ సేనాని కోర్టెస్ అడుగుపెట్టేనాటికి సుమారు రెండు లక్షల మంది ఉన్నారని అంచనా. ఆ నగరానికి తిండి పెట్టింది నీళ్ళలో బురద, నాచు పేర్చి చేసిన మడులు. వాటిలో కొన్ని షోచిమిల్కోలో ఇంకా సాగులో ఉన్నాయి. నేను పడవలో వెళ్ళి చూశాను, మడి నిండా బంతిపూలు. బంతి పుట్టిల్లు కూడా మెక్సికోనే. మన బతుకమ్మలో పేర్చే పువ్వు అక్కడ పెద్దల పండక్కి సమాధుల మీద పేరుస్తారు.

ఒక మాట న్యాయంగా చెప్పాలి. కొలంబస్‌కు ముందు బయటివాళ్ళెవరూ అమెరికా చేరలేదని శాస్త్రవేత్తలు మొండికేస్తారని అనుకోకండి. రుజువున్న చోట ఒప్పుకున్నారు. కెనడాలో న్యూఫౌండ్‌లాండ్ తీరాన ఉత్తర ఐరోపా నుంచి వెళ్ళిన నార్స్ (వైకింగ్) నావికుల ఇళ్ళు దొరికాయి. అక్కడి చెక్కల వలయాలు లెక్కపెట్టి 1021లో నరికినవని తేల్చారు. పసిఫిక్ దీవుల పాలినేసియన్లకూ దక్షిణ అమెరికావాళ్ళకూ సుమారు 1200 ప్రాంతంలో కలయిక జరిగిందని డీఎన్ఏ చెబుతోంది. దక్షిణ అమెరికా పంట అయిన చిలగడదుంప ఆ దీవుల్లో కొలంబస్‌కు ముందే ఉంది. చెక్క, దుంప, డీఎన్ఏ: ఇవీ రుజువులంటే. మనవైపు వాదనకు ఉన్నది ఒక పూసల పండు. సిక్కింలో ఒక్క కాండానికి ఆరేడు కంకులు వేసే పాత రకం మొక్కజొన్న ఉంది కదా అని కొందరంటారు. ఉంది, నేనూ పెంచాను. కొండల్లో రైతులు నాలుగైదు వందల ఏళ్ళు తమకు నచ్చినట్టు విత్తనం ఏరుకుంటే అలాంటి రకం రావడానికి ఆ కాలం చాలు.

అక్కడి మనుషులు మొదట ఆసియా నుంచే వెళ్ళారు కదా అంటే, అవును, సైబీరియా వైపు నుంచి. న్యూమెక్సికోలోని వైట్ శాండ్స్‌లో 21 – 23 వేల ఏళ్ళ నాటి అడుగుజాడలున్నాయి. చిలీలోని మాంటే వెర్డేలో 14,500 ఏళ్ళ నాటి మకాం ఉంది. అప్పటికి సంస్కృతమూ లేదు, మయుడూ లేడు, ఎక్కడా వ్యవసాయమే లేదు.

ఈ వాదన సరదాగానే ఉంటుంది గానీ నాకు ఇబ్బంది ఎందుకంటే, దీన్ని ముందు వాడింది మనం కాదు. 19వ శతాబ్దంలో అమెరికాలోని తెల్లవాళ్ళు కహోకియా లాంటి మట్టి దిబ్బల్ని చూసి, అక్కడి ఆదివాసుల గురించి "ఈ ఇండియన్లకు ఇంత చేతకాదు, ఎవరో మాయమైపోయిన గొప్ప జాతి కట్టి ఉంటుంది" అన్నారు. దిబ్బలు వాళ్ళవి కానప్పుడు నేలా వాళ్ళది కాదనడం సులువు. 1830 చట్టంతో ఆ జనాన్ని మిసిసిపీ అవతలికి తరిమిన కాలం అది. 1894లో సైరస్ థామస్ అనే ఆయన వందల దిబ్బలు పరిశీలించి, ఇవి వీళ్ళ పూర్వీకులవేనని నివేదిక ఇచ్చాకగానీ ఆ మాట సద్దుమణగలేదు. మాయా భాషలు మాట్లాడేవాళ్ళు ఇప్పటికీ గ్వాటెమాలా, మెక్సికోల్లో లక్షల మంది ఉన్నారు. మీ తాతలకు మా తాతలు నేర్పారని వాళ్ళ ముందు అనగలమా?

మామగారితో వాదనకు దిగకండి, పెద్దవాళ్ళతో అది తేలేది కాదు. ఈసారి రోడ్డు పక్కన పొత్తు కొన్నప్పుడు కాల్చక ముందు ఆయన చేతికిచ్చి గింజల వరసలు చుట్టూ లెక్కపెట్టమనండి. 12 రావచ్చు, 14 రావచ్చు, 16 రావచ్చు, ఎప్పుడూ సరిసంఖ్యే. పొత్తు లేతదశలో పూలు జంటలుగానే పుడతాయి, ఒక్కో జంట రెండు వరసలవుతుంది, అందుకని. పెంకులో ఐదారు గింజలున్న గడ్డి కంకి నుంచి ఇక్కడిదాకా ఎలా వచ్చిందో అప్పుడు ఆయనే అడుగుతారు. ఏదో ఒక వరస ఎండిపోతే తప్ప బేసి రాదు. వస్తే ఫొటో తీసి కింద పెట్టండి, నేను చూస్తాను.